ఎల్‌ఈడీ వెలిగింది, ముల్లు మాత్రం కదల్లేదు

పాఠకుల ప్రశ్నలకు రిటైర్డ్ ఫిజికల్ సైన్స్ మాస్టారి జవాబులు

ప్రశ్న: నమస్కారం మాస్టారూ. మా అబ్బాయి పదో తరగతి. విద్యుదయస్కాంతత్వం పాఠంలో ఆయిర్‌స్టెడ్ ప్రయోగం ఉంది. ఆయన క్లాసులో పాఠం చెబుతుంటే బల్ల మీదున్న దిక్సూచి ముల్లు అనుకోకుండా కదిలిందని, కరెంటుకి అయస్కాంతబలం ఉందని అలా అదృష్టం కొద్దీ కనిపెట్టేశాడని వాళ్ళ సార్ చెప్పారట. ఆదివారం మేమిద్దరం కూర్చుని అదే చేశాం. రెండు పెన్సిల్ సెల్‌లు, చిన్న ఎల్‌ఈడీ, మూరెడు తీగ, 60 రూపాయల దిక్సూచి. ఎల్‌ఈడీ చక్కగా వెలిగింది. ముల్లు ఇసుమంతైనా కదల్లేదు. "ఆయనకి ఊరికే కదిలిందట, మనం కావాలని చేస్తే కదలదేంటమ్మా?" అంటున్నాడు. వాడికేం చెప్పమంటారు?
(ఒక పాఠకురాలు, చీరాల)

జవాబు: అమ్మా, ముందు మీ ఇంటి ప్రయోగం సంగతి తేల్చేద్దాం. ఆయిర్‌స్టెడ్ 200 ఏళ్ళు ఆగాడు, ఇంకో పది నిమిషాలు ఆగుతాడు.

దొంగ మీ ఎల్‌ఈడీయే. అది వెలగడానికి ఆంపియరులో యాభయ్యో వంతు కరెంటు చాలు. అంతకుమించి మీ తీగలో పోలేదు. ముల్లుకి ఒక సెంటీమీటరు ఎత్తులో తీగ పట్టుకుంటే ఆ కాస్త కరెంటు వల్ల అక్కడ పుట్టే అయస్కాంత క్షేత్రం 0.4 మైక్రోటెస్లా (క్షేత్రం బలాన్ని కొలిచే ప్రమాణం అది). మన ప్రాంతంలో ముల్లుని ఉత్తరానికి పట్టి ఉంచే భూమి బలం సుమారు 40 మైక్రోటెస్లాలు. అంటే మీ తీగ లాగింది నూటికి ఒక వంతు. ముల్లు అర డిగ్రీ పైచిలుకు తిరగాలి. 60 రూపాయల దిక్సూచిలో సూదిమొన మీద ఉండే రాపిడికే అది సరి. కదిలినా మీ కంటికి ఆనదు.

అదే పాత టార్చిలైటు బల్బు పెట్టి ఉంటే 0.3 ఆంపియర్లు పోయేవి, ముల్లు ఎనిమిది డిగ్రీలు తిరిగేది. పెద్ద టార్చి సెల్ కొత్తది తీసుకుని, మందపాటి రాగి తీగ రెండు కొసలూ నేరుగా దానికి తాకిస్తే కొన్ని ఆంపియర్లు పోతాయి. 2 ఆంపియర్లు పోయినా చాలు, ముల్లు 45 డిగ్రీలు తిరుగుతుంది. ఒకటి, రెండు అని లెక్కపెట్టేలోపు తీసేయాలి, తీగ కాలుతుంది, సెల్ కూడా పాడవుతుంది. ఫోను బ్యాటరీ, పవర్ బ్యాంకు, ఇన్వర్టరు బ్యాటరీల జోలికి మాత్రం పోకండి. వాటిని ఇలా కలిపితే నిప్పు అంటుకుంటుంది.

రెండో సంగతి మీరు రాయలేదు: తీగని ముల్లుకి ఎటువైపుగా పట్టారు? చాలామంది పిల్లలు అడ్డంగా పడతారు. ముల్లు ఉత్తర దక్షిణాలుగా ఉంటే తీగ తూర్పు పడమరలుగా. అలా పడితే తీగ కింద పుట్టే క్షేత్రం ముల్లు ఉన్న గీతలోనే ఉంటుంది. ఒక దిశలో కరెంటు పోతే ముల్లుని ఉత్తరానికే ఇంకాస్త గట్టిగా పట్టుకుంటుంది. ఎదురు దిశలో పోతే దక్షిణానికి లాగుతుంది, కానీ భూమి బలాన్ని మించితే తప్ప ముల్లు తిరగబడదు. తీగని ముల్లు మీదుగా, ముల్లుకి సమాంతరంగా పట్టాలి. అప్పుడే పక్కకు తోస్తుంది. కరెంటు దక్షిణం నుంచి ఉత్తరానికి పోతుంటే ముల్లు ఉత్తరపు కొస పడమటికి తిరుగుతుంది. అదే తీగని ముల్లు కిందకి తెస్తే తూర్పుకి.

ఇదంతా ఎందుకు చెప్పానంటే, ఆయిర్‌స్టెడ్ కథ మొత్తం ఈ రెండు తప్పుల చుట్టూనే తిరుగుతుంది.

హాన్స్ క్రిస్టియన్ ఆయిర్‌స్టెడ్ డెన్మార్క్‌లో ఒక చిన్న దీవిలో మందుల కొట్టు నడిపే ఆయన కొడుకు. 1820 నాటికి కోపెన్‌హాగన్ విశ్వవిద్యాలయంలో ప్రొఫెసర్. కరెంటుకీ అయస్కాంతానికీ ఏదో చుట్టరికం ఉందని ఆయన ఆ రోజు క్లాసులో అనుకోలేదు, 1812లోనే పుస్తకంలో అచ్చేశాడు. అప్పట్లో అది ఎదురీతే. 1600లో గిల్బర్ట్ అనే ఇంగ్లిషు వైద్యుడు, రుద్దిన అంబరు గడ్డిపరకల్ని లాగడం వేరు, అయస్కాంతం ఇనుముని లాగడం వేరు అని రెండిటినీ విడదీసి పెట్టాడు. ఆ విభజన రెండొందల ఏళ్ళు నిలబడింది. 1800లో వోల్టా తన బ్యాటరీ దొంతరని ప్రపంచానికి చూపించాక ఆగకుండా పారే కరెంటు మొదటిసారి చేతికొచ్చింది. చాలామంది దాన్ని దిక్సూచి పక్కన పెట్టి చూశారు కూడా. ఏమీ కనబడలేదు.

1820 ఏప్రిల్‌లో ఆయిర్‌స్టెడ్ ఒక సాయంత్రం ఉపన్యాసానికి సన్నని ప్లాటినం తీగ, గాజుమూత ఉన్న దిక్సూచి సిద్ధం చేసుకున్నాడు. ముందే ఒకసారి చేసి చూసుకుందామనుకుంటే ఏదో అడ్డొచ్చి కుదర్లేదు. తరవాత చూద్దాంలే అనుకుని పాఠం మొదలుపెట్టాడు. చెబుతూ చెబుతూ ఉండగా 'ఇది పనిచేసేలాగే ఉంది' అని గట్టిగా అనిపించి అందరి ముందే స్విచ్ కలిపాడు. ముల్లు కదిలింది. ఇది ఆయనే పదేళ్ళ తరవాత ఒక విజ్ఞాన సర్వస్వానికి రాసిన వ్యాసంలో చెప్పుకున్న మాట. మరి 'అనుకోకుండా' అన్న కథ ఎక్కడిదంటారా? ఆయన శిష్యుడు హాన్‌స్టీన్ 1857లో ఇంగ్లిషు శాస్త్రవేత్త ఫారడేకి ఒక ఉత్తరం రాశాడు. మా గురువుగారు మేధావే గానీ పరికరాలు పట్టుకోవడం చేతకాదు, ఎప్పుడూ తీగని ముల్లుకి అడ్డంగానే పెట్టేవారు, ఆ రోజు పాఠం చివర్లో సమాంతరంగా పెట్టి చూస్తే ముల్లు ఊగిందని తెల్లబోయారు అని దాని సారాంశం. అప్పటికి ఆయిర్‌స్టెడ్ పోయి ఆరేళ్ళయింది. పైగా 1820లో హాన్‌స్టీన్ ఆ గదిలో లేడు, నార్వేలో ఉద్యోగం చేసుకుంటున్నాడు. 37 ఏళ్ళ నాటి విన్న కబురుని నేనైతే అంతగా నమ్మను. కానీ 'అడ్డంగా పెట్టేవారు' అన్న ముక్క మాత్రం కొట్టిపారేయలేను. అందరూ అలాగే పెట్టారు మరి! కరెంటు తీగ పొడుగునా పారుతుంది, దాని బలం ఉంటే ఆ దిక్కుకే నెట్టాలి అనుకోవడం సహజం. తీగకి ఎడంగా, తీగ చుట్టూ గుండ్రంగా తిరిగే బలం ఒకటుంటుందని అప్పటిదాకా ఎవరి ఊహకూ అందలేదు.

మీ అబ్బాయికి ఈ మాట చెప్పండి: ఆయిర్‌స్టెడ్ కూడా మీ ఎల్‌ఈడీ తప్పే చేశాడు. కరెంటు పోతే తీగ వేడెక్కి వెలుగుతుంది, వేడీ వెలుగూ చుట్టూ వ్యాపిస్తాయి, అయస్కాంతబలం కూడా వాటితోపాటే వస్తుందేమో అనుకున్నాడు. అందుకే ఎర్రగా కాలేంత సన్నని తీగ ఎంచుకున్నాడు. సన్నని తీగ కరెంటుని అడ్డుకుంటుంది కదా, ముల్లు అంతంతమాత్రంగానే కదిలింది. చూస్తున్న వాళ్ళకి పెద్దగా ఏమీ అనిపించలేదట. తరవాత మూడు నెలలు ఆయన దాని జోలికే పోలేదు. జూలైలో పెద్ద బ్యాటరీ కట్టించి మళ్ళీ కూర్చున్నాక తెలిసింది, వెలుగుతో దీనికి సంబంధమే లేదు, తీగ లావయ్యే కొద్దీ ముల్లు బాగా తిరుగుతుందని.

ఆ బ్యాటరీ చూస్తే మీ పెన్సిల్ సెల్ సిగ్గుపడుతుంది. 20 రాగి తొట్లు. ఒక్కోటి 12 అంగుళాల పొడవు, 12 అంగుళాల ఎత్తు, వెడల్పు మాత్రం రెండున్నర అంగుళాలు. ఒక్కోదానిలో జింకు పలక. నీళ్ళలో అరవయ్యో వంతు గంధకామ్లం, మరో అరవయ్యో వంతు నత్రికామ్లం. దాంతో ఆయన ఏమేం చేశాడో చూడండి. తీగకీ ముల్లుకీ మధ్య గాజు పెట్టాడు, చెక్క పెట్టాడు, లోహపు రేకు, నీళ్ళు, జిగురు, మట్టిపాత్ర పెట్టాడు. ఏదీ ఆపలేదు. దిక్సూచిని ఇత్తడి డబ్బాలో పెట్టి నీళ్ళు నింపినా ముల్లు తిరిగింది. ఇనుప ముల్లు బదులు ఇత్తడి ముల్లు, గాజు ముల్లు, లక్క ముల్లు వేలాడదీస్తే అవి కదల్లేదు. ప్రయోగాలు చేతకానివాడు చేసే పనులా ఇవి? 1820 జూలై 21న నాలుగు పేజీల కరపత్రం లాటిన్‌లో అచ్చేయించి యూరప్‌లో పేరున్న పండితులందరికీ పంపాడు. అందులో ఒక్క బొమ్మ లేదు, ఒక్క లెక్క లేదు. ఆ బలం తీగచుట్టూ వలయాలుగా తిరుగుతుందన్న మాట మాత్రం ఉంది.

తరవాత అంతా పరుగే. పారిస్‌లో అరాగో అనే శాస్త్రవేత్త సెప్టెంబర్ 11న అక్కడి సైన్స్ అకాడమీలో అందరి ముందూ చేసి చూపించాడు. అక్కడే కూర్చుని చూసిన ఆంపియర్ (మన కరెంటు కొలతకి పెట్టింది ఈయన పేరే) సరిగ్గా వారానికి, 18న, సొంత సిద్ధాంతంతో లేచి నిలబడ్డాడు. ఇంకో వారానికి రెండు తీగల్ని పక్కపక్కన పెట్టి, కరెంటు ఒకే దిక్కుకి పోతే దగ్గరకు లాక్కుంటాయి, ఎదురుబొదురుగా పోతే తోసుకుంటాయని చూపించాడు. అయస్కాంతం ముక్కే లేకుండా అయస్కాంతం! వారం వారం కొత్త విషయం. మా సిలబస్‌లో ఇదంతా ఒక్క పీరియడ్‌లో అయిపోతుంది, అదే నా బాధ.

ఇంకో ముచ్చట. భూమి అడ్డంగా ముల్లుని లాగే బలం మన తెలుగు రాష్ట్రాల్లో 40 మైక్రోటెస్లాల దగ్గర ఉంటే, ధ్రువానికి చేరువగా ఉన్న కోపెన్‌హాగన్‌లో ఇప్పటి లెక్కల్లో 17 దాకానే. అక్కడ భూమి అయస్కాంత రేఖలు ఏటవాలుగా నేలలోకి దిగిపోతాయి, ముల్లుకి దక్కే వాటా తక్కువ. అంటే అదే తీగ, అదే కరెంటుకి మన ముల్లు వాళ్ళ ముల్లు కన్నా మొండిది. మన వైపు ఈ లెక్కలన్నీ హైదరాబాద్‌లోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ వాళ్ళు చౌటుప్పల్ దగ్గర అబ్జర్వేటరీ పెట్టి కొలుస్తుంటారు.

వచ్చే ఆదివారానికి ఉపాయం చెబుతాను. ఎల్‌ఈడీ తీయొద్దు. దగ్గర్లో మోటారు వైండింగ్ షాపుంటే ఎనామిల్ పూత రాగి తీగ ఆరేడు మీటర్లు అడగండి, తుక్కు ముక్క ఊరికే ఇస్తారు కూడా. దిక్సూచిని అగ్గిపెట్టెలాంటి అట్టపెట్టెలో పెట్టి, పైనుంచి కిందికి దాని చుట్టూ 50 చుట్లు చుట్టండి. తీగలు ముల్లుతో సమాంతరంగా, ఉత్తర దక్షిణాలుగా ఉండాలి. తీగ కొసల పూత బ్లేడుతో గీకేయాలి, ఇది మరిచిపోయి నా దగ్గరికి ఏడుస్తూ వచ్చిన పిల్లలు లెక్కలేనంతమంది. ముల్లు పైన పోయే తీగ పడమటికి తోస్తే, కింద తిరిగి వచ్చే తీగలో కరెంటు ఎదురు దిక్కు కాబట్టి అదీ పడమటికే తోస్తుంది. 50 చుట్లకి రెండు వైపులా కలిపితే 0.4 కాస్తా 40కి దగ్గరవుతుంది. మీ చిన్న ఎల్‌ఈడీతోనే ముల్లు 40 డిగ్రీల దాకా తిరగాలి. జర్మనీలో ష్వైగర్ అనే ఆయన 1820 సెప్టెంబర్‌లోనే ఈ కిటుకు పట్టుకున్నాడు. బడి ల్యాబులో కరెంటుని పసిగట్టే గాల్వనామీటర్‌కి తాత అదే. పని చేసే బల్ల కాళ్ళు ఇనుపవైతే నేల మీదకి దిగండి, ఫోన్ పక్క గదిలో పెట్టండి, అందులో స్పీకరు అయస్కాంతం ఉంటుంది.

ప్రశ్న: సార్, కరెంటు అయస్కాంతాన్ని కదుపుతుందని 1820లోనే తెలిసిపోయింది కదా. మరి అయస్కాంతంతో కరెంటు పుట్టించడానికి ఫారడే దాకా, అంటే 1831 దాకా ఎందుకు ఆగాల్సి వచ్చింది? తీగచుట్టలోకి అయస్కాంతం దూరిస్తే చాలు కదా, అదేమంత కష్టం?
(ఒక డిగ్రీ విద్యార్థి, కరీంనగర్)

జవాబు: బాబూ, దూరిస్తే చాలు. దూరించిన వాళ్ళూ ఉన్నారు. చూడాల్సిన క్షణంలో ముల్లు వైపు చూసినవాళ్ళే లేరు.

1825లో జెనీవాలో కొలాడాన్ అనే కుర్రవాడు తీగచుట్ట చుట్టి, పెద్ద అయస్కాంతం తెచ్చి, గాల్వనామీటర్‌కి కలిపాడు. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. మహా జాగ్రత్తపరుడు. అయస్కాంతం నేరుగా గాల్వనామీటర్ ముల్లునే లాగేస్తుందేమో, లెక్క తప్పుతుందేమో అని పొడవాటి తీగలు వేసి దాన్ని పక్క గదిలో పెట్టాడు. చుట్టలో అయస్కాంతం దూర్చి, నడుచుకుంటూ ఆ గదికి వెళ్ళి చూశాడు. ముల్లు సున్నా దగ్గర నిక్షేపంగా ఉంది. ఆయన గడప దాటేలోపే అది ఊగి ఊరుకుంది. నా క్లాసులో ఈ కథ చెప్పినప్పుడల్లా ఎవడో ఒకడు "పక్క గదిలో ఫ్రెండుని కూర్చోబెట్టుకోవచ్చు కదండీ" అనేవాడు. నిజమే, ఒక్క ఫ్రెండు తక్కువయ్యాడు.

అసలు చిక్కు ఎక్కడంటే, ఆయిర్‌స్టెడ్ ముల్లు కరెంటు ఉన్నంతసేపూ తిరిగే ఉంటుంది. కాబట్టి అయస్కాంతం ఉన్నంతసేపూ కరెంటు రావాలని అందరూ ఎదురుచూశారు. ఫారడే కూడా అంతే. 1825లో కరెంటు పోతున్న తీగ పక్కన ఇంకో తీగ పెట్టి చూసి, ఏమీ రాలేదని నోట్‌బుక్‌లో రాసుకున్నాడు.

1831 ఆగస్టు 29న లండన్ రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో ఆయన చేతిలో ఉన్నది మెత్తని ఇనుప కడియం. బయటి వ్యాసం 6 అంగుళాలు, ఇనుము మందం అంగుళానికి కాస్త తక్కువ. ఒక సగం మీద ఒక తీగచుట్ట, రెండో సగం మీద ఇంకోటి. అప్పటికి మన ఎనామిల్ వైరు లేదు. చుట్టు చుట్టుకీ మధ్య పురికొస, వరస వరసకీ మధ్య గుడ్డ పెట్టి చుట్టాడు. చిన్నప్పుడు పుస్తకాలు బైండింగ్ చేసిన చేతులు కదా, ఆ ఓపిక ఉంది. రెండో చుట్ట తీగని మూడడుగుల దూరం లాగి ఒక దిక్సూచి ముల్లు మీదుగా పోనిచ్చాడు. మొదటి చుట్టకి బ్యాటరీ తగిలించగానే ముల్లు ఊగింది, కాసేపటికి పాత చోటుకే వచ్చి ఆగిపోయింది. బ్యాటరీ తీసేయగానే మళ్ళీ ఊగింది. ఈయన ముల్లు ఆ గదిలోనే, కళ్ళ ముందే ఉంది.

ఊగి ఆగిపోయినదాన్ని చెయ్యి తగిలిందేమో అని వదిలేసేవాళ్ళే ఎక్కువ. ఆయన వదల్లేదు. అక్టోబర్ 17న కాగితపు గొట్టం మీద తీగ చుట్టి, ఎనిమిదిన్నర అంగుళాల అయస్కాంతపు కడ్డీని అందులోకి గభాల్న దూర్చాడు, లాగాడు. దూర్చినప్పుడు ముల్లు ఒకవైపు, లాగినప్పుడు రెండోవైపు. ఊరికే పెట్టి ఉంచితే ఏమీ లేదు. పదకొండు రోజుల తరవాత పెద్ద అయస్కాంతం కొసల మధ్య 12 అంగుళాల రాగి పళ్ళెం తిప్పి, తిప్పుతున్నంతసేపూ కరెంటు వచ్చేలా చేశాడు. మీ ఊళ్ళో జనరేటర్ పెట్టినప్పుడు గుడగుడమనే ఇంజను ఏం చేస్తోందంటే, ఆ పళ్ళెం తిప్పే పనే.

ప్రశ్న: ఫ్యాను స్విచ్‌కి వెళ్ళే వైరు పక్కన దిక్సూచి పెడితే తిరగాలి కదా? మా ఇంట్లో తిరగట్లేదు.
(ఒక పాఠకుడు, షార్జా)

జవాబు: తిరగదు. ఇళ్ళకి వచ్చే కరెంటు సెకనుకి 50 సార్లు ఇటూ అటూ మారుతుంది. ముల్లు పడమటికి అడుగు వేసేలోపు తూర్పుకి రమ్మంటుంది, దాంతో ఉన్నచోటే ఉండిపోతుంది. దీపానికైనా ఫ్యానుకైనా వెళ్ళే తీగ, వచ్చే తీగ పక్కపక్కనే ఉంటే ఒకదాని బలాన్ని ఇంకోటి కొట్టేస్తుంది కూడా. చూడటం వరకూ సరే, గోడ స్విచ్‌బోర్డు మూత మాత్రం ఈ పని మీద విప్పకండి.

ప్రశ్న: మా బడిలో కొన్న దిక్సూచి ఎర్ర కొస దక్షిణం చూపిస్తోంది. పారేయాలా?
(ఒక టీచరమ్మ, పార్వతీపురం)

జవాబు: పారేయకండమ్మా. నేను చేరిన ఒక బడిలో (పేరెందుకు లెండి) దిక్సూచులన్నీ బిస్కెట్ డబ్బాలో, దండాయస్కాంతాలతో కలిపి పడేసి ఉంచారు. ఇన్‌స్పెక్షన్ ముందురోజు తీసి బల్ల మీద పరిస్తే పన్నెండింటిలో ఐదు దక్షిణాన్ని చూపిస్తున్నాయి. బలమైన అయస్కాంతం పక్కన పడుండి వాటి ధ్రువాలు తారుమారయ్యాయి. ఆ టెన్షన్‌లో రాత్రి ఎనిమిదింటిదాకా కూర్చుని ఒక్కోటీ సరిచేశాను.

మెరుపు కూడా ఇదే పని చేస్తుంది. ఆయిర్‌స్టెడ్‌కి చాలా ముందే, ఇంగ్లండ్‌లో వేక్‌ఫీల్డ్ అనే ఊళ్ళో ఒక వ్యాపారి ఇంటి మీద పిడుగు పడింది. కొట్లో పెట్టెలో ఉన్న కత్తులూ ఫోర్కులూ చెల్లాచెదరయ్యాయి, కొన్ని కరిగాయి. వాటిని ఏరి మేకులున్న బల్ల మీద పెడితే మేకులు అంటుకుని పైకి లేచాయట. 1735లో లండన్ రాయల్ సొసైటీ పత్రికలో ఈ సంగతి అచ్చయింది. పిడుగు కరెంటేనని ఇంకా ఎవరూ రుజువు చేయని రోజులు కాబట్టి అది వింతగానే మిగిలిపోయింది.

మీ దిక్సూచికి మందు: దండాయస్కాంతం దక్షిణ ధ్రువాన్ని గాజు మీద ఆనించి, ముల్లు మధ్యనుంచి ఎర్ర కొస వైపుకి లాగండి, ఎత్తి మళ్ళీ మధ్యలోంచి లాగండి. పది పన్నెండుసార్లు, ఒకే దిక్కుకి. లాగేటప్పుడు ముల్లు తిరిగిపోతుంటే దిక్సూచిని కొంచెం వంచండి, ముల్లు గాజుకి తగిలి నిలబడుతుంది. తరవాత అయస్కాంతాన్ని దూరంగా పెట్టి చూసుకోండి. ఇంకా దక్షిణమే చూపిస్తుంటే మరో పదిసార్లు. సరయ్యాక మాత్రం అదే డబ్బాలో పెట్టకండి.